పారశీక రాణులు: భూములు, ముద్రలు, ఒక విషపు కత్తి

పోయిన సంచికలో పారశీక (పర్షియా) సామ్రాజ్యాన్ని స్థాపించిన సైరస్ చక్రవర్తి గురించి రాసిన జవాబు చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది రాజుల గురించి కాదు, వాళ్ల తల్లుల గురించి, భార్యల గురించి. కాలేజీలో ప్రాచీన చరిత్ర చెప్పిన రోజుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: మేడమ్ గారూ, బైబిల్లో ఎస్తేరు కథ నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఎస్తేరు నిజంగా పర్షియా రాణేనా? చరిత్రలో ఎక్కడైనా ఆమె పేరుందా? (ఒక గృహిణి)

జవాబు: ఆ కథలో ఎస్తేరును పెళ్లాడిన అహష్వేరోషు రాజు జెర్క్సిస్ చక్రవర్తే అని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. ఆయన క్రీ.పూ. 486 నుంచి 465 దాకా ఏలాడు. హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఆయన భార్య పేరు అమెస్ట్రిస్ అని రాశాడు. ఎస్తేరు పేరు, ఆ కథలో ఆమెకు ముందు రాణి అయిన వష్తి పేరు మాత్రం గ్రీకుల రాతల్లోనూ లేవు, పారశీక శాసనాల్లోనూ లేవు. అందుకే ఎక్కువమంది పండితులు దాన్ని రాజుల చరిత్రగా కాకుండా, పారశీక దర్బారు నేపథ్యంగా చెప్పిన కథగా చదువుతారు. మీ విశ్వాసానికీ ఈ మాటకూ పోటీ పెట్టకండి, అది వేరు, ఇది వేరు.

అయితే ఆ నేపథ్యం గాలిలోంచి పుట్టింది కాదు. ఆ కథ జరిగే షూషను కోట అంటే ఇరాన్ నైరుతి దిక్కున ఉన్న సూసా. అక్కడి రాజభవనం తవ్వకాల్లో బయటపడింది. పిలవకుండా రాజు ముందుకు ఎవరూ వెళ్లకూడదన్న నియమం లాంటిదే హెరొడోటస్ కూడా చెప్పాడు. ఇంకో చిన్న విషయం చూడండి. రాజు మగవాళ్లకు విందు చేస్తుంటే వష్తి అదే సమయంలో స్త్రీలకు తన పేరు మీద వేరే విందు చేసిందని ఆ కథలో ఉంది. చదివేవాళ్లు ఆ వాక్యాన్ని దాటేసి పోతారు. రాణి సొంతంగా విందు ఇవ్వడం అంటే ఏమిటో కింది జవాబులో చెబుతాను.

ప్రశ్న: మా లెక్చరర్ ఒకాయన పారశీక రాణులకు అంతఃపురంలో కూర్చుని కుట్రలు చేయడం తప్ప వేరే అధికారం ఏమీ లేదన్నారు. నిజమేనా మేడమ్? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: కాదమ్మా. ఆయన తప్పు కూడా కాదనుకో, చాలాకాలం అందరూ అలాగే రాశారు. ఎందుకంటే మన చేతిలో ఉన్నవి గ్రీకుల పుస్తకాలే. పర్షియాతో యుద్ధాలు చేసినవాళ్లు, పర్షియా అంటే పడనివాళ్లు రాసిన కథలు. అవి కూడా అన్నీ పడకగది దగ్గర మొదలై విషం దగ్గర తేలేవే.

1933లో ఆ పరిస్థితి మారింది. పారశీక రాజధానుల్లో ఒకటైన పెర్సెపోలిస్‌లో కోటగోడ దగ్గర తవ్వుతుంటే వేల కొద్దీ మట్టి పలకలు దొరికాయి. అవి క్రీ.పూ. 509 నుంచి 493 మధ్యవి, అంటే మొదటి డేరియస్ పాలించిన కాలానివి. ఎక్కువ భాగం ఎలామీ భాషలో, అంటే సూసా ప్రాంతపు పాత భాషలో ఉన్నాయి. అందులో కథలేమీ లేవు. ఎవరికి ఎంత ధాన్యం ఇచ్చారు, ఎంత ద్రాక్షసారా ఇచ్చారు, ఎవరి ఆజ్ఞ మీద ఇచ్చారు, అంతే. ఒక రకంగా స్టోర్ రిజిస్టర్. కానీ నాకు పారశీక స్త్రీల గురించి వీటికంటే నమ్మకమైన సాక్ష్యం ఇంకోటి లేదు. ఎందుకంటే రాసినవాడికి ఎవరినీ పొగడాల్సిన అవసరం లేదు, తిట్టాల్సిన అవసరమూ లేదు. లెక్క సరిపోతే చాలు.

ఒక పలక సంగతి చెబుతాను. అరచేతిలో పట్టేంత మట్టి ముద్ద అది. డేరియస్ 19వ పాలనా సంవత్సరం, మొదటి నెల. మనకు క్రీ.పూ. 503 అవుతుంది. పర్నాక అనే పెద్ద అధికారి పశువుల పెద్దకు రాయించిన ఉత్తరం. ఈ పర్నాక రాజుకు పినతండ్రి అవుతాడని చరిత్రకారులు అంటారు. 'నా ఎస్టేటు నుంచి ఇర్తష్దూనకు 100 గొర్రెలు ఇవ్వాలి' అని డేరియస్ రాజు నాకు ఆజ్ఞాపించాడు, రాజు నాకెలా చెప్పాడో నేను నీకలా చెబుతున్నాను, ఇవ్వు అని అందులో ఉంది. కింద, రాసినవాడి పేరు, సందేశం అందించినవాడి పేరు. అదే నెలలో ఇంకో ఉత్తరంలో ఆమెకే 200 కుండల లెక్కన ద్రాక్షసారా ఇమ్మని రాజాజ్ఞ. ఆ కొలత ఇప్పటి లెక్కలో సుమారు 2,000 లీటర్లు. వంద గొర్రెలు, రెండు వేల లీటర్లు ఒక మనిషి తిని తాగేది కాదు కదా. పెద్ద విందే జరిగి ఉండాలి, ఇచ్చింది ఆమె. వష్తి విందు వాక్యం గుర్తొచ్చిందా?

ఈ ఇర్తష్దూన ఎవరో కాదు, గ్రీకులు ఆర్టిస్టోన్ అని పిలిచిన రాణి. సైరస్ కూతురు, డేరియస్ భార్య. భార్యలందరిలో ఆమె అంటేనే డేరియస్‌కు ఎక్కువ ప్రేమ అనీ, బంగారు రేకుతో ఆమె విగ్రహం చేయించాడనీ హెరొడోటస్ రాశాడు. గ్రీకు రచయితకు ఆమె ముద్దుల భార్య, అంతవరకే తెలుసు. పలకల్లో ఆమె ఎస్టేట్లున్న ఆసామి. ఒకటి కాదు, వేర్వేరు ఊళ్లలో ఎస్టేట్లున్నాయి. షలమాన అనే మేనేజరుకు ఆమె రాయించిన ఉత్తరాలు దొరికాయి. 'నా ఎస్టేటు నుంచి ఫలానావాళ్లకు ఇంత ద్రాక్షసారా ఇవ్వు' అని. వాటి మీద ఆమె సొంత ముద్ర ఉంది. మొగుడి ముద్ర కాదు, కొడుకు ముద్ర కాదు. ఆ ముద్ర పడితే గిడ్డంగి తెరుచుకునేది.

ఇక రాజవంశానికే చెందిన ఇర్దబామ. ఈ పేరు ఏ గ్రీకు పుస్తకంలోనూ లేదు. పలకలు దొరకకపోయి ఉంటే అలాంటి ఒక మనిషి పుట్టిందని కూడా మనకు తెలిసేది కాదు. ఇప్పటి షిరాజ్ ప్రాంతంలో ఆమె కింద వందల మంది పనివాళ్లు ఉండేవాళ్లు, మగా ఆడా పిల్లలతో సహా. పెర్సెపోలిస్, సూసా లాంటి చోట్ల ఆమె పేరు మీద పెద్ద పెద్ద పద్దులు నడిచేవి. రాజు పక్కన లేకుండానే తన పరివారంతో ప్రయాణాలు చేసేది. దారిలో ఎక్కడ దిగితే అక్కడ ఆమె పేరున ఖర్చు రాసేవాళ్లు. అంతఃపురం గోడల మధ్య బందీగా బతికిన మనిషి చేసే పనులు కావివి.

మీ లెక్చరర్ గారికి ఈ జవాబు చూపించు. ఆయనకూ నచ్చుతుందనే అనుకుంటున్నాను.

ప్రశ్న: గ్రీసు మీద దండయాత్రకు అతోస్సా రాణే కారణమని చదివాను. ఒక ఆడమనిషి మాట మీద అంత యుద్ధం జరిగిందా? (రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: అతోస్సా సైరస్ కూతురు, మొదటి డేరియస్ భార్య. హెరొడోటస్ కథ ఇలా ఉంటుంది. అతోస్సాకు రొమ్ము మీద గడ్డ లేచింది. సిగ్గుపడి దాచుకుంది. ముదిరాక డెమొసిడిస్ అనే గ్రీకు వైద్యుణ్ణి పిలిపించింది. అతను నయం చేసి, బదులుగా ఒక మాట తీసుకున్నాడు. ఆ మాట ప్రకారం ఆమె రాత్రిపూట డేరియస్‌ను గ్రీసు మీదికి వెళ్లమని ఎగదోసింది. నిజానికి ఆ వైద్యుడికి కావలసింది స్వదేశం పోయే దారి.

పడకగదిలో ఏం మాట్లాడుకున్నారో హెరొడోటస్‌కు ఎవరు చెప్పారండీ? ఆ యుద్ధాలకు కారణాలు వేరే ఉన్నాయి. పారశీకుల ఏలుబడిలో ఉన్న ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) లోని గ్రీకు నగరాలు క్రీ.పూ. 499లో తిరగబడ్డాయి, ఏథెన్స్ వాళ్లు ఓడలు పంపి సాయం చేశారు, అక్కడి పారశీకుల ముఖ్యపట్టణం సార్డిస్ తగలబడింది. ఇవి చాలు.

అతోస్సా బలం నిజంగా కనిపించేది వారసత్వం విషయంలో. డేరియస్ సింహాసనం ఎక్కిన తీరు మీద అనుమానాలుండేవి. సైరస్‌కు నేరుగా వారసుడు కాదాయన. అందుకే సైరస్ కూతుళ్లు అతోస్సాను, ఆర్టిస్టోన్‌ను, సైరస్ మనుమరాలు పార్మిస్‌ను పెళ్లి చేసుకున్నాడు. సైరస్ రక్తం తన ఇంట్లోకి వచ్చింది వాళ్ల వల్లే. డేరియస్ పెద్దకొడుకు అర్తొబజానిస్ వేరే భార్య కొడుకు. అయినా రాజ్యం దక్కింది అతోస్సా కొడుకు జెర్క్సిస్‌కు. వేరేవాళ్ల సలహాలు లేకపోయినా జెర్క్సిసే రాజయ్యేవాడు, ఎందుకంటే అధికారమంతా అతోస్సా చేతిలో ఉంది అని హెరొడోటస్ రాశాడు.

జెర్క్సిస్ మాత్రం పెర్సెపోలిస్ శాసనంలో 'డేరియస్‌కు ఇంకా కొడుకులున్నారు, అహురమజ్దా ఇష్టప్రకారం నా తండ్రి తన తర్వాత నన్నే గొప్పవాణ్ణి చేశాడు' అని చెక్కించుకున్నాడు. అహురమజ్దా అంటే పారశీకుల దేవుడు. తండ్రి పేరుంది, తాత పేరుంది, ముత్తాత పేరుంది. ఎవరి కడుపున పుట్టడం వల్ల రాజ్యం వచ్చిందో ఆ తల్లి పేరు లేదు. ఆ శాసనం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: పారిసాటిస్ అనే రాణి సొంత కోడలికి విషం పెట్టి చంపిందట. ఒకే పక్షి మాంసం ఇద్దరూ తిన్నా కోడలు మాత్రమే చనిపోయిందట. ఇది సాధ్యమా? నిజమా? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: ముందు కథ తెలియనివాళ్లకు చెబుతాను. పారిసాటిస్ రెండో డేరియస్ భార్య, వరసకు సవతి చెల్లెలు కూడా. ఆమె కొడుకుల్లో ఇద్దరు ముఖ్యులు. పెద్దవాడు రెండో అర్తాజెర్క్సిస్ రాజయ్యాడు. తల్లికి ఇష్టమైనవాడు రెండోవాడు, చిన్న సైరస్. పట్టాభిషేకం సమయంలోనే అన్నను చంపబోయాడని సైరస్ మీద నేరం మోపారు. మరణశిక్ష పడబోతుంటే తల్లి వాణ్ణి కౌగిలించుకుని, తన జుట్టు వాడి చుట్టూ కప్పి, తన మెడను వాడి మెడకు ఆనించి పట్టుకుని ఏడ్చిందని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. చంపితే ఇద్దరినీ చంపాలి. రాజు వదిలేశాడు. క్రీ.పూ. 401లో సైరస్ సైన్యంతో తిరిగొచ్చి బాబిలోన్ దగ్గర క్యునాక్సా యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత వాడి శవం నుంచి తల, చెయ్యి నరికినవాణ్ణి పారిసాటిస్ వదల్లేదు. రాజుతో పాచికలాడి, మొదట వెయ్యి బంగారు నాణేలు కావాలనే ఓడిపోయి, తర్వాత పందెంగా ఒక నపుంసక సేవకుణ్ణి పెట్టించి గెలిచి, ఆ తల నరికిన సేవకుణ్ణే కోరుకుంది. చర్మం ఒలిపించింది.

కోడలు స్టటీరాతో వైరం అంతకంటే పాతది. స్టటీరా పుట్టింటివాళ్లను పారిసాటిస్ అంతకుముందే చంపించింది. పైకి రాజీపడి ఇద్దరూ కలిసి భోజనం చేసేవాళ్లు. భయం కొద్దీ ఒకే వంటకాలు, ఒకే చేతి వడ్డన. అత్త ఒక చిన్న పక్షిని కత్తితో రెండు ముక్కలు చేసింది. కత్తికి ఒక పక్కే విషం. ఆ పక్క ముక్క కోడలికి, శుభ్రమైనది తనకు.

ఇది సాధ్యమేనా అంటే, సాధ్యం కాదని కొట్టిపారేయలేం. నిజమా అంటే, స్టటీరా మరణం, రాజు తల్లిని బాబిలోన్‌కు పంపేయడం జరిగి ఉండాలి. వివరాల దగ్గర మాత్రం పాత రచయితలకే పొంతన లేదు. క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు ఆ దర్బారులోనే ఉన్నవాడు, అతను ఒకలా చెబుతాడు. డినోన్ అనే ఇంకో రచయిత ఇంకోలా చెబుతాడు. పక్షిని కోసింది ఎవరన్న దగ్గరే ఇద్దరికీ తేడా. ప్లూటార్క్ రాసింది వీళ్లకు దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పక్షి కాదు, ఊళ్లు. చిన్న సైరస్ సైన్యంలో జెనొఫోన్ అనే గ్రీకు సైనికుడు ఉన్నాడు. సిరియాలో నడిచి వెళుతూ, ఈ ఊళ్లు పారిసాటిస్‌వి, ఆమె నడికట్టు ఖర్చుల కోసం ఇచ్చినవి అని రాసుకున్నాడు. యుద్ధం అయ్యాక టైగ్రిస్ నది దగ్గర ఆమెవే వేరే ఊళ్లు వచ్చాయి. వాటిలో ధాన్యం, గొర్రెలు దండిగా ఉన్నాయి. చనిపోయిన సైరస్‌ను అవమానించడానికి రాజు తరఫు అధికారి టిస్సఫెర్నిస్, అక్కడి బానిసలను తప్ప ఏమైనా దోచుకోండి అని గ్రీకు సైనికులకు వదిలేశాడు. తల్లి ఆస్తి దోచుకుంటే కొడుక్కి అవమానం, చూశారా! ఇవి గ్రీకు రాతలే కదా అంటారేమో. ఇరాక్‌లోని నిప్పూర్‌లో మురాషు అనే వ్యాపార కుటుంబం దస్తావేజులు దొరికాయి, మట్టి పలకల మీద. భూములు కౌలుకు తీసుకోవడం, అప్పులివ్వడం వాళ్ల వ్యాపారం. అందులో కూడా పారిసాటిస్ భూములున్నాయి, వాటిని చూసే ఆమె అధికారి ఉన్నాడు. సిరియాలో భూమి, బాబిలోనియాలో భూమి. సైనికుడి డైరీ, వడ్డీ వ్యాపారి లెక్క ఒకదానికొకటి తెలియకుండానే ఒకే మాట చెబుతున్నాయి.

ఆమె క్రూరురాలు కాదని నేను అనను. కానీ ఆ దర్బారులో అన్నను చంపిన తమ్ముళ్లు, తండ్రిని చంపిన కొడుకులు ఎందరో. వాళ్లను రాజకీయం అంటారు, ఈమెను మాత్రం అత్తాకోడళ్ల గొడవ అంటారు. పుట్టింటి వంశాల మధ్య, కొడుకుల మధ్య సింహాసనం కోసం జరిగిన పోరు అది. మొదటి సైరస్ చక్రవర్తి కొడుకులు అంతఃపురం ఆడవాళ్ల పెంపకంలో చెడిపోయారు, అందుకే రాజ్యం పాడైంది అని ప్లేటో అంతటివాడే రాశాడు. ఆ మూసలో పడిన కథలు కాబట్టి జాగ్రత్తగా చదవాలి. స్టటీరా గురించి కూడా విషం ఒక్కటే గుర్తుంచుకోకండి. ఆమె తెరలు తీసేసిన బండిలో వెళ్లేదనీ, మామూలు ఆడవాళ్లు దగ్గరికొచ్చి పలకరించేవాళ్లనీ, అందుకే జనానికి ఆమె అంటే ప్రాణమనీ అదే ప్లూటార్క్ చెప్పాడు.

ప్రశ్న: పెర్సెపోలిస్ శిల్పాల ఫొటోల్లో ఎక్కడా ఆడవాళ్లు కనిపించరు. రాణులకు అంత గౌరవం ఉంటే ఎందుకు చెక్కలేదు?

జవాబు: బాగా గమనించారు. కానుకలు తెచ్చే ప్రజల వరసలో ఎలామీయులు ఒక ఆడసింహాన్ని, దాని కూనలను తెస్తారు. మనుషుల్లో మాత్రం స్త్రీలు లేరు. ఆ గోడలు రాజు బహిరంగ దర్బారు కోసం చేసినవి. అక్కడ రాజు, సైన్యం, కానుకలు, అంతే. చిన్న ముద్రల మీద స్త్రీలున్నారు. ఇర్దబామ దగ్గర పనిచేసిన రష్ద అనే అధికారి ముద్ర మీద ఒక స్త్రీ ఆసనం మీద కూర్చుని ఉంటుంది, ముందు పరిచారిక. రాజు కొలువు తీరినట్టే ఆమె కూడా కొలువు తీరింది. అక్కడే 'జెర్క్సిస్ అంతఃపురం' అని ఒక భవనం చూపిస్తారు. ఆ పేరు ఆధునికులు పెట్టింది, పారశీకులు రాసి పెట్టింది కాదు.

ప్రశ్న: అలెగ్జాండర్ డేరియస్ తల్లిని తన తల్లిలా చూసుకున్నాడంటారు. అది గొప్పదనమా, ఎత్తుగడా?

జవాబు: రెండూ. క్రీ.పూ. 333లో ఇస్సస్ యుద్ధంలో పారశీక రాజు మూడో డేరియస్ పారిపోతే, వెంట వచ్చిన తల్లి సిసిగాంబిస్, భార్య, పిల్లలు పట్టుబడ్డారు. సిసిగాంబిస్ పొడుగ్గా ఉన్న అలెగ్జాండర్ స్నేహితుడు హెఫెస్టియన్‌ను చూసి అలెగ్జాండర్ అనుకుని మోకరిల్లింది. తెలిశాక కంగారుపడింది. 'ఫర్వాలేదమ్మా, ఇతను కూడా అలెగ్జాండరే' అన్నాడట అలెగ్జాండర్.

నాకు నచ్చేది కర్టియస్ అనే రోమన్ రచయిత చెప్పిన ఉన్ని కథ. మాసిడోనియా నుంచి వచ్చిన బట్టలు, ఉన్ని అలెగ్జాండర్ ఆమెకు పంపించాడు. నచ్చితే మనవరాళ్లకు నేయడం నేర్పించమన్నాడు. సిసిగాంబిస్‌కు కన్నీళ్లొచ్చాయి. పారశీక రాజవంశ స్త్రీలకు ఉన్ని పట్టుకోవడం కంటే అవమానం లేదు. విషయం తెలిసి అలెగ్జాండర్ స్వయంగా వెళ్లాడు. తాను వేసుకున్న బట్ట తన అక్కచెల్లెళ్లు నేసిందే అనీ, తమ ఆచారం చూసి పొరబడ్డాననీ చెప్పుకున్నాడు. మీ దేశంలో తల్లి కూర్చోమంటే తప్ప కొడుకు కూర్చోడని తెలుసుకుని, మీరు చెప్పేదాకా నేను నిలబడే ఉన్నాను అన్నాడు. ప్లూటార్క్ చెప్పేదీ ఇలాంటిదే. పారశీక రాజు భోజనానికి కూర్చుంటే తల్లి అతని కంటే పైన, భార్య కింద కూర్చునేవాళ్లట.

ఆమె మాటకు బలం కూడా ఉండేది. కొండల్లోని ఉక్సియన్లను ఓడించాక అలెగ్జాండర్ వాళ్లను ఊళ్లలోంచి వెళ్లగొట్టబోతే, సిసిగాంబిస్ అడ్డుపడి వాళ్ల భూములు వాళ్లకే ఇప్పించింది. కప్పం మాత్రం తప్పలేదు: ఏడాదికి 100 గుర్రాలు, 500 బరువు మోసే పశువులు, 30,000 గొర్రెలు. రాజ్యం పోయి, కొడుకు పారిపోయి, శత్రువు దగ్గర బందీగా ఉన్న ముసలావిడ మాట మీద ఒక తెగ నిలబడింది. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోయాక ఆమె తిండి మానేసి అయిదో రోజున ప్రాణం వదిలింది.

ప్రశ్న: రాణుల సంగతి సరే. వాళ్ల కింద పనిచేసిన ఆడవాళ్ల బతుకు ఎలా ఉండేది? (ఒక టైలర్)

జవాబు: ఈ ప్రశ్న వేసినందుకు మీకు ప్రత్యేకంగా థాంక్స్ అండీ. సిసిగాంబిస్ ముట్టనన్న ఉన్నిని ముట్టినవాళ్లు వీళ్లే. పెర్సెపోలిస్ పలకల్లో బట్టల పనివాళ్ల గుంపులు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువమంది ఆడవాళ్లే. జీతం ధాన్యంగా ఇచ్చేవాళ్లు. సాధారణ కూలీ మగవాడికి నెలకు సుమారు 30 లీటర్ల ధాన్యం వచ్చేది. ఆడవాళ్లలో చాలామందికి అంతకంటే తక్కువ, పనితనం ఉన్నవాళ్లకు అంతకంటే ఎక్కువ. ఆ గుంపుల మీద పెద్దగా ఉండే స్త్రీకి మాత్రం సుమారు 50 లీటర్ల ధాన్యం, 30 లీటర్ల ద్రాక్షసారా, ఒక గొర్రెలో మూడో వంతు. మామూలు మగకూలీ కంటే చాలా మెరుగు.

బిడ్డను కన్న పనివాళ్లకు అదనంగా ఒక నెల కోటా ఇచ్చేవాళ్లు. అయితే మగబిడ్డను కంటే ఎంతిచ్చారో, ఆడబిడ్డను కంటే అందులో సగమే ఇచ్చారు.